పుస్తకం బండిలో మా ఆయన

మా ఆయన టౌను బస్సు క్లీనరు. ముప్పై ఏళ్లుగా ఆ బస్సు వెనక తలుపు దగ్గరే ఉన్నాడు. స్టాపుల పేర్లు అరవడం, ముసలివాళ్లని చెయ్యి పట్టి ఎక్కించడం, రివర్సులో బండి వెనక్కి పరిగెత్తి దారి చూపించడం, ఇదే ఆయన పని. "రైట్ రైట్" అని ఆయన అరిస్తే మూడు వీధుల అవతల నాకు వినపడేది. బస్సు వాళ్లంతా రైటన్న అనే పిలుస్తారు. పెళ్లయిన కొత్తలో నిద్రలో కూడా అరిచేవాడు. నేను ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని.

అలాంటి మనిషికి యాభై రెండో ఏట వచ్చిపడింది పరీక్ష. ఎనిమిదో తరగతి పాసైన కాగితం లేనివాళ్లు ఇక బండెక్కకూడదని కొత్త రూలు పెట్టారు. మా ఆయన చదివింది మూడు. "పరీక్షయ్యేదాకా ఏదోలా నెట్టుకొస్తాను రైటన్నా, ఆపైన నా చేతుల్లో లేదు" అన్నాడు ఓనరు. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి అన్నం సగంలోనే వదిలేశాడు.

మా కోడలు టీచరు. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక బడి గదిలోనే ఆ ఎనిమిదో తరగతి పరీక్ష రాసే పెద్దవాళ్లకి పాఠాలు చెప్తుంది. "మావయ్యా, రేపటినుంచి నా క్లాసుకి రండి" అంది. ఆయన మొహం ఎర్రబడింది. "కోడలి ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలా?"

"బండి దిగి ఇంట్లో కూర్చుంటారా మరి?" అన్నాను నేను. మర్నాడు పలకా పుస్తకం పట్టుకుని బయల్దేరాడు.

నేనూ వెళ్లి వరండాలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేదాన్ని. కిటికీలోంచి అంతా కనపడేది. చిన్నపిల్లల బెంచీలు కదా, ఆయన మోకాళ్లు గడ్డానికి తగిలేవి. పక్కన పిండిమర ఆవిడ. ఎప్పుడూ కనుబొమలకి పిండి అంటుకునే ఉండేది.

మొదటి రోజే కోడలు లెక్క ఇచ్చింది. "బస్సులో నలభై సీట్లున్నాయి. యాభై రెండు మంది వచ్చారు. సీటుకి ఒక్కరు కూర్చుంటే ఎంతమంది మిగిలారు?"

మా ఆయన టక్కున లేచాడు. తన బండి లెక్కే కదా, ధీమాగా ఉన్నాడు. "ఎవరూ మిగల్లేదు టీచరుగారూ. లోపలికి జరగండమ్మా అంటే అందరూ పట్టారు. ఇంకో పదిమందికి చోటుంది."

క్లాసంతా గొల్లుమంది. కోడలు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇంకోరోజు వ్యతిరేక పదాలు. "మెత్తన?" అంటే పిండిమర ఆవిడ "రవ్వ" అంది. "రైట్?" అంటే మా ఆయన "హోల్డాన్!" అని ఎంత గట్టిగా అరిచాడంటే బయట వెళ్తున్న సైకిలాయన బ్రేకు వేశాడు. ప్రాణం లేనిది ఏది, చెట్టా, పిల్లా, బస్సా అంటే ఏదీ కాదన్నాడు. "మా బండికి ప్రాణం లేదని ఎవరన్నారు? చలికాలం పొద్దున్నే లేవనని మొండికేస్తుంది. దగ్గుతుంది. నాలుగు తిట్లు తింటే గానీ కదలదు."

అందరూ నవ్వుకుంటున్నారు గానీ నాకు గుండెల్లో రాయి పడింది. పరీక్షకి ఇంకా నెలే ఉంది. ఇవే రాస్తే ఏం పాసవుతాడు? ఆ రాత్రి వంటింట్లో కోడల్ని అదే అడిగాను.

"అత్తయ్యా, మావయ్య చెప్పేది తప్పు కాదు. అదే వచ్చిన చిక్కు" అంది కోడలు. గిన్నె కింద పెట్టి ఆయన దగ్గరికెళ్లింది. "మావయ్యా, ఈ పుస్తకం రాసినాయన మీ బండి ఎప్పుడూ ఎక్కలేదు. ఆయనది వేరే బండి. అందులో సీటుకి ఒక్కరే. నిలబడనివ్వరు."

"నిలబడనివ్వరా? మరి ఆ బండి గిట్టుబాటవుతుందా?"

"అవ్వదు. అయినా అక్కడ అంతే."

మా ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే కొత్త రూటన్నమాట. అలా చెప్పవేం తల్లీ?"

కొత్త రూటు వేసినప్పుడల్లా ఆయన స్టాపులన్నీ వరసగా గొణుక్కుంటూ బట్టీ పడతాడు. ఇదీ అలాగే పట్టాడు. స్నానం చేస్తూ ఎక్కాలు, చెప్పులు తొడుక్కుంటూ వ్యతిరేక పదాలు. క్లాసులో ప్రతి ప్రశ్నకీ ముందు లేచి, "ఇది మన బండా, పుస్తకం బండా టీచరుగారూ?" అని అడిగేవాడు. "పుస్తకం బండి" అంటే ఒక జవాబు, "మన బండి" అంటే ఇంకోటి. కొన్నాళ్లకి పిండిమర ఆవిడ కూడా "ఇది మన పిండా, పుస్తకం పిండా?" అని మొదలెట్టింది.

పరీక్ష హాల్లో ఏం జరిగిందో ఆవిడే వచ్చి చెప్పింది. ఒక లెక్క ఇచ్చారట. బస్సులో ముప్పై అయిదుగురు ప్రయాణికులున్నారు, స్టాపులో ఎనిమిది మంది దిగారు, అయిదుగురు ఎక్కారు, ఇప్పుడు బస్సులో ఎంతమంది ఉన్నారు? మా ఆయన లేచి, "సార్, డ్రైవర్ని కలపాలా?" అన్నాడట.

"కూర్చోవయ్యా."

"ప్రయాణికులెంతమంది అనలేదు సార్, బస్సులో ఎంతమంది అన్నారు. డ్రైవరు లేకుండా స్టాపు దాకా ఎలా వచ్చింది?"

"ఇంకోసారి లేచావంటే పేపరు లాక్కుంటా!"

పాపం, ఇక లేవలేదు. రెండూ రాసేశాడు: ప్రయాణికులు ముప్పై రెండు, డ్రైవరూ నేనూ కలిస్తే ముప్పై నాలుగు.

అది విని కోడలు తల పట్టుకుంది. "రెండు జవాబులు రాస్తే మార్కు వెయ్యరు మావయ్యా." ఈలోపు రూలు అమల్లోకొచ్చింది. ఆయన్ని బండి దింపేశారు. పన్నెండు రోజులు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. వీధిలోంచి బస్సు వెళ్తుంటే లోపలికెళ్లి రేడియో పెట్టుకునేవాడు.

పదమూడో రోజు కోడలు చెప్పులైనా విప్పకుండా పరిగెత్తుకుంటూ లోపలికొచ్చింది. "పాసు మావయ్యా! ముప్పై అయిదు కావాలి, ముప్పై ఆరొచ్చాయి!" ఆయన పేపరు చూపించమని అడిగి మరీ చూసొచ్చిందట. ఆ లెక్క దిద్దినాయనెవరో ముప్పై రెండుకి టిక్కు పెట్టి, ముప్పై నాలుగుకీ పెట్టాడట.

మా ఆయన కళ్లు తుడుచుకుంటూనే అడిగాడు, "రెండు టిక్కులకీ కలిపి ఎన్ని మార్కులు?"

"ఒకటే."

"ఒకటేనా! అన్యాయం కదమ్మా?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "ఏమయ్యా, వచ్చింది చాలదా?" అని వీపు మీద ఒక్కటిచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకెళ్లాడు. మొదటి ట్రిప్పు మా వీధిలోంచే. డ్రైవరు మలుపు దగ్గర మొదలెట్టిన హారను మా గుమ్మం దాటేదాకా ఆపలేదు. ఇరుగుపొరుగంతా బయటికొచ్చారు. వెనక తలుపులో మా ఆయన. మేం చేతులూపుతుంటే డ్యూటీలో ఉన్నాను కాబట్టి మీరెవరో నాకు తెలీదన్నట్టు మొహం బిగించుకుని నిలబడ్డాడు. ఆ మొహం చూసి నేనూ కోడలూ గోడ పట్టుకుని మరీ నవ్వాం.