మంచు అన్న మాట తర్వాత

కెనడా ఉత్తర కొసన ఉన్న ఇకాలువిట్‌లో సముద్రపు మంచు మీద హెచ్చరికలు పంపే లీటియా ప్రతి వార్తనూ పెదవులు కదుపుతూ చదువుకుని గానీ పంపదు. పక్కన పెట్టుకున్న టీ రోజూ చల్లారిపోతుంది. ఆమె జావా భాషలో రాసిన ప్రోగ్రాం ఆ వార్తలను నెట్‌వర్క్ మీదుగా వేటగాళ్ల సంఘంలో సి భాషలో రాసిన పాత ప్రోగ్రాంకు అందిస్తుంది. ఇంతకాలం ఇంగ్లీషులో వెళ్లే వార్త ఆ ఉదయం మొదటిసారి తమ ఇనుక్టిటూట్ భాషలో వెళ్లింది. వెంటనే సంఘం నుంచి జోమీ పెదనాన్న ఫోన్ చేశాడు.

"ఏమ్మా, 'ఉత్తరపు దారిలో మంచు' అని ఆపేశావేంటి? గట్టిగా ఉందనా, పగిలిందనా? కుర్రాళ్లు మంచుబండ్లెక్కేశారు!"

"పగిలింది పెదనాన్నా, ఆపు వాళ్లని!"

ఫోన్ పెట్టకుండానే, తప్పు ఎక్కడుందో ప్రోగ్రాంలో వెతికింది. వార్త పొడవు ఎంతో చెప్పడానికి తన ప్రోగ్రాం అక్షరాలు లెక్కపెడుతోంది. అవతలిది అన్నే బైట్లు, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచుకునే చిన్న గడులు, చదివి ఆగిపోతోంది. ఇంగ్లీషులో రెండూ ఒకటే, తమ లిపిలో మాత్రం అక్షరానికి మూడు బైట్లు. పొడవును బైట్లలోనే చెప్పేలా మార్చి, మళ్లీ పంపింది.

"చదువు పెదనాన్నా."

ఆయన తాపీగా, తమ భాషలో, చివరిదాకా చదివాడు. "ఉత్తరపు దారిలో మంచు పగిలింది. దక్షిణపు దారి గట్టిగా ఉంది, అటు వెళ్లండి."

వెనక కుర్రాళ్ల కేరింతలు, దక్షిణానికి కదిలిన బండ్ల హోరు. అది సన్నగిల్లేదాకా లీటియా ఫోన్ పెట్టలేదు.