దొరసానికి కొత్త ఇంజను

ఇప్పుడు అండమాన్‌లోని మా బాంబూఫ్లాట్‌లో ఏ ఇంటి ముందు చూసినా ఒక బండి నిలబడి ఉంటుంది గానీ, పందొమ్మిదేళ్ళ పిల్లగా నేను ఇక్కడికి కాపురానికి వచ్చిన రోజుల్లో మా తెలుగువాళ్ళందరికీ కలిపి ఉన్నది ఒక్కటే కారు. అది మా మావయ్యది, అంటే మా ఆయన వాళ్ళ నాన్నది. ఎవరో తెల్లదొర దేశం విడిచి పోతూ అమ్మేసిన నల్ల కారు. అందరూ దాన్ని దొరసాని అనేవారు. మా సంఘంలో ఏ పెళ్ళికూతురైనా చర్చికి దొరసానిలోనే వెళ్ళాలి, మావయ్యే నడపాలి. చర్చికి ముందు ఒక ఎత్తు ఉంది. అక్కడికి వచ్చేసరికి దొరసానికి ఆయాసం వచ్చి ఆగిపోయేది. పెళ్ళికూతురు తప్ప అందరూ దిగి తొయ్యాల్సిందే, మగపెళ్ళివారు ఒక పక్క, ఆడపెళ్ళివారు ఒక పక్క. (నా పెళ్ళిలో మా అమ్మా, మా అత్తగారూ మనసు విప్పి మాట్లాడుకున్నది అలా తోస్తూ తోస్తూనే.)

చాతం రంపపుమిల్లులో మెకానిక్కుగా ఉన్న మా ఆయనకి ఇది తలవంపులుగా ఉండేది. తన చెల్లెలి పెళ్ళి కుదరగానే మద్రాసు ఓడలో ఒక డీజిల్ ఇంజను తెప్పించి వరండాలో పెట్టాడు. మీట నొక్కితే చాలట, బండి ముందు హ్యాండిల్ దూర్చి తిప్పక్కర్లేదు, ఎవరూ తొయ్యక్కర్లేదు. గుండె మార్చాక అది దొరసాని ఎలా అవుతుందన్నారు మావయ్య. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఇంజను నెలరోజులు గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. మా అత్తగారు దాని మీద అప్పడాలు ఆరబెట్టేవారు.

మధ్యలో కబుర్లు మోసేది నేను. కొత్త కోడల్ని కదా, ఎవరి దగ్గరికి వెళితే వాళ్ళకి మీరన్నదే సబబు అనేదాన్ని. అది చాలదన్నట్టు, ఒక ఉదయం హ్యాండిల్ వెనక్కి తన్ని మావయ్య కుడి మణికట్టు బూరెలా వాచింది. పసుపూ సున్నం నేనే పట్టించాను. "మీ ఆయనకి చెప్పకమ్మాయ్," అన్నారు. సరేనన్నాను. ఆ ఉక్కలో ఆయన పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని తిరిగారు.

ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర మావయ్య, గోడతో అన్నట్టుగా, కోడలు నా పక్షమే అన్నారు. మా ఆయన, కంచంతో అన్నట్టుగా, కాదు నా పక్షం అన్నాడు. ఇద్దరూ నావైపు తిరిగారు. ఏం తోచక, మనమే ఎక్కి ఆ ఎత్తు మీదికి తోలి చూద్దాం, ఎక్కితే పాత ఇంజను, ఎక్కకపోతే కొత్తది అనేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు అత్తగారితో కలిపి నలుగురం బయలుదేరాం. మావయ్య ఎడమచేత్తో హ్యాండిల్ తిప్పుతుంటే నేను అటు చూడలేకపోయాను. ఎత్తు మొదట్లో దొరసాని ఒక్కసారి దగ్గింది, అంతే. ఏళ్ళ తరబడి ఆ దగ్గుకి అలవాటుపడ్డ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చేతిలో పని వదిలేసి వచ్చేశారు. చేపలు తోముతున్నావిడ పొలుసుల చేతులతోనే వచ్చింది. ఒకాయన గడ్డానికి సగం నురగతో వచ్చాడు. మా ఆయన కిటికీలోంచి వద్దు వద్దని చెయ్యి ఊపాడు గానీ, బండి తోసేవాళ్ళు తల ఎత్తి చూస్తారా? పైకి చేర్చాక రాంచీ నుంచి వచ్చి పక్కవీధిలో ఉంటున్న భయ్యా చెమట తుడుచుకుంటూ లోపలికి తొంగిచూశాడు. "చాచా, చఢ్ గయా. షాదీ ఎవరిది? పెళ్ళికూతురు ఏదీ?"

"ఎక్కింది," అన్నారు మావయ్య.

"తోశారు," అన్నాడు మా ఆయన.

నెల తర్వాత వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఆడిన మొదటి మాటలవి. మళ్ళీ ఇద్దరూ నావైపే తిరిగారు.

"ఎక్కిందో తోశారో నాకు తెలీదు మావయ్యా. ముందు మీ చెయ్యి చూపించండి," అన్నాను.

"మాట తప్పావమ్మాయ్," అన్నారాయన. మా ఆయన ముందుకు వంగి, తండ్రి చొక్కా చెయ్యి పైకి మడిచి చూశాడు. తిరుగుదారిలో స్టీరింగు తనే పట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. దిగాక మావయ్య వరండాలో అప్పడాలన్నీ ఒక్కొక్కటే పక్కకి తీసి, "వేసుకోరా నీ ఇంజను," అన్నారు.

ఆడపడుచు పెళ్ళిరోజుకి మావయ్య చెయ్యి నయమైంది. దొరసాని మీట నొక్కగానే లేచింది, చర్చి ఎత్తు దాకా గుర్రంలా పరుగెత్తింది. అక్కడ ఆయన ఇంజను ఆపేశారు.

"ఏమైంది నాన్నా?"

"ఏమీ కాలేదు. దిగండి."

మా ఆయన కొత్త కోటులో, పళ్ళు కొరుకుతూ, తన సొంత ఇంజనుని తోశాడు. నేను పట్టుచీరలో చెమటలు కక్కుతూ, ఈ ఇంటివాళ్ళకి పిచ్చి ముదిరింది అనుకున్నాను. నా పక్కన తోస్తున్న పెళ్ళికొడుకు అక్క మాత్రం నవ్వాపుకోలేక, "మీ ఊళ్ళో ప్రతి పెళ్ళికీ ఇంతేనా వదినా?" అని అడిగింది. ఆవిడా నేనూ ఈనాటికీ స్నేహంగానే ఉన్నాం.

ఇప్పుడు మనవడి కారులో వెళుతుంటే ఆ ఎత్తు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియదు. మొన్న అక్కడికి రాగానే ఒక్క నిమిషం ఆపరా అన్నాను. "నడుం నొప్పా నానమ్మా?" అని అడిగాడు. అవునని అబద్ధమాడాను.