ఓటమి మరిగిన చెయ్యి

కరెంటు మీటర్లు బాగుచేసే మేస్త్రికి ఆ కరెంటాఫీసు వర్క్‌షాపులో ఎనిమిదేళ్లు. మధ్యాహ్నం విరామంలో ఆఫీసరుతో చదరంగం ఆడి ఓడిపోవడం కూడా ఉద్యోగంలో భాగమే. తెల్లపావులు ఎప్పుడూ ఆఫీసరువే. మంత్రి ముందు బంటును రెండు గళ్లు జరుపుతాడు, దాని పక్క బంటును ఎరగా పెడతాడు. వేరే ఆట రాదు ఆ మహానుభావుడికి. ఒకసారి ఆయన్ని ఓడించిన పాపానికి స్టోర్ కీపరు మూడు నెలలు మండుటెండలో స్తంభాలు లెక్కపెట్టాడు. అది చూసి మేస్త్రి ఓడటం నేర్చుకున్నాడు. బాగా ఆడినట్టే ఆడి, చివర్లో ఆశపడ్డట్టు, రాజుకు కాపలా ఉన్న ఏనుగుతో ఓ బంటును కొట్టేవాడు. ఈ కిటుకు తెలిసింది భార్యకొక్కతికే. ఇద్దరూ ఫోన్లో పడీ పడీ నవ్వుకునేవారు.

ఆమె కూతుర్ని పెట్టుకుని వేరే ఊళ్లో నర్సు ఉద్యోగం చేస్తోంది. అక్కడి వర్క్‌షాపులో ఓ ఖాళీ పడింది. బదిలీ కాగితానికి ఇవాళే ఆఖరు.

"నువ్వెళ్తే నాతో ఆడేదెవరయ్యా?" అన్నాడు ఆఫీసరు, పెన్ను మూత పెట్టేసి. "ఓ పని చెయ్యి. ఇవాళ నన్ను ఓడించు, సంతకం పెట్టేస్తా. మాటంటే మాటే."

మేస్త్రి ఎరను ముట్టలేదు. బంటుకు బంటును కాపు పెట్టాడు. దాంతో తన ఒంటె సొంత బంట్ల వెనకే ఇరుక్కుంది. దాన్ని బయటికి లాగేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత మాత్రం ఆఫీసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రికి ఓ గుర్రం ఎక్కువ. ఇంకో నాలుగెత్తులు, అంతే. కూతుర్ని బడికి తీసుకెళ్లే దారి అప్పుడే కళ్లకు కట్టింది. ఆఫీసరు ఏదో ఒకటని ఓ బంటును జరిపాడు. మేస్త్రి చెయ్యి టక్కున ఏనుగును ఎత్తి దాన్ని కొట్టేసింది.

ఎనిమిదేళ్ల అలవాటు. ఆ పాడు చేతికి సంతకాల సంగతేం తెలుసు? తెల్ల ఏనుగు చివరి వరుసకు దిగింది. నల్లరాజు ముందు సొంత బంట్లే మూడు, కదలకుండా నిలబడి ఉన్నాయి. పోవడానికి గడి లేదు.

"ఆట కట్టు!" ఆఫీసరు బల్ల చరిచాడు. "ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదయ్యా నువ్వు. నిన్నెలా వదులుకుంటాను?" కాగితం సొరుగులోకి పోయింది.

ఇన్నాళ్లూ కావాలనే ఓడాను సార్, ఇవాళ తప్ప అని చెబుదామనుకున్నాడు. కక్కలేక మింగలేక లేచి వచ్చేశాడు.

సాయంత్రం భార్య ఫోను చేసింది. జరిగింది చెప్పాడు.

"ఆ ఏనుగుతోనే కొట్టారా? ఎప్పటిలాగే?"

"అవును."



"మా దగ్గరికి రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా" అంది ఆమె.