కంప్యూటర్లో తాలు ఏరిన రోజు

మా ఇంట్లో ఒకసారి మహా విధ్వంసం జరిగింది. తుఫాను కాదు. తుఫానైతే ముందుగా చెబుతారు, ఆనక అధికారులొచ్చి బియ్యం ఇచ్చి పోతారు. ఇది ఏ హెచ్చరికా లేకుండా, మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక, నా కుడిచేతి చూపుడు వేలితో జరిగింది.

అప్పటికి నాకు అక్షరాలొచ్చి మూడేళ్ళు. యాభై రెండో ఏట పలక పట్టినదాన్ని. ఆ వయసులో చదువొస్తే మనిషి ఊరికే ఉండదు. విడవలూరు బస్సెక్కితే దారిలో కనబడిన ప్రతి బోర్డునూ పైకే చదివేదాన్ని. "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అని నేను గొంతెత్తి చదివితే మగవాళ్ళు కిటికీలోంచి దూరంగా చూసేవాళ్ళు. దానికి తోడు మా కోడలు సుజాత నాకు ఇంగ్లీషు అక్షరాలు చూపించి, కంప్యూటర్ ముందు కూడా కూర్చోబెట్టింది. ఇక నేను నడపనిది విమానం ఒక్కటే అనుకోండి.

ఆ కంప్యూటర్ చూడి గేదె లాంటిది. ఆన్ చేసి, ఎసరు పెట్టి, అన్నం వార్చి వచ్చినా ఇంకా కళ్ళు తెరుస్తూనే ఉండేది. సుజాత దాని మీదే ఎం.ఏ. ప్రాజెక్టు రాస్తోంది. మా తీరపు ఊళ్ళలో పెద్ద వయసులో చదువు నేర్చిన ఆడవాళ్ళ గురించి. అయిదు అధ్యాయాలు, మూడు నెలల కష్టం. సోమవారానికి ఇవ్వకపోతే ఏడాది పోతుంది.

శనివారం పొద్దున ఆమె ఏదో సంతకం కోసం నెల్లూరు బయల్దేరింది.

"అత్తా, మిషన్లో చోటు లేదంటా ఉండాది. నేనొచ్చినాక టెంపరరీ ఫైళ్ళు తీసేస్తా. అందాకా ముట్టుకోబాక."

"నేను తీస్తాలేమ్మా. నువ్వు తీసేటప్పుడు చూసినా గదా."

"వద్దత్తా! టెంప్ అనే ఫోల్డర్లో ఉండేవే తియ్యాల. ఒకటి తియ్యబోయి ఇంకోటి తీసినావంటే నా పని అయిపోయినట్టే."

చదువుకున్న ఆడదాన్ని ఇలా అనుమానించవచ్చా? మీరే చెప్పండి. ఆమె బస్సెక్కేదాకా ఆగి, భోజనం కానిచ్చి, మిషన్ ముందు కూర్చున్నాను.

మా ఆయన మంచం మీదినుంచి పర్యవేక్షణ మొదలుపెట్టాడు. కంప్యూటర్‌కు ప్లగ్గు ఉంటుందన్నది ఆయనకు తెలిసిన ఒకే ఒక్క సంగతి. సలహాలివ్వడానికి అది చాలు.

"ఏందిమే తీసేది?"

"పనైపోయినాక మిగిలిన పనికిరానివంట."

"అంటే తాలన్న మాట!"

ఆ ఒక్క మాటతో నాకు జ్ఞానోదయమైంది. నలభై ఏళ్ళు కళ్లంలో వడ్లు తూర్పారబట్టినదాన్ని. బరువైన గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తేలికైన తాలు గాలికి పోతుంది. ఇంత సులువైన పనికి ఎం.ఏ. ఎందుకు?

టెంప్ ఫోల్డర్ తెరిచాను. నోరు తిరగని పేర్లు, వాటి పక్కన సైజు చెప్పే ఇంతింత పొడుగు అంకెలు.

"అయ్యా, ఇవి మహా బరువుండాయే!"

"బరువుండేటివి తాలెట్టా అవుతాయి? నీ కోడలికి సేద్యం తెలీదు. మూసెయ్."

మూసేసి పక్క ఫోల్డర్లు చూశాను. ఎడ్ల పందెం వీడియో బస్తాడంత ఉంది. దానికి దణ్ణం పెట్టి వదిలేశాం. ఇంకోచోట అయిదు ఫైళ్ళు, చూస్తే గుప్పెడు బరువు కూడా లేవు.

"వీటి పేర్లేందిమే?"

"ఇంగ్లీషులో ఉండాయి. బరువు తెలిసినాక పేరుతో పనేంది?"

ఎగరేశాను. అవి చెత్తబుట్ట బొమ్మలోకి పోయాయి. అక్కడైనా ఆగి ఉంటే ఈ కథ లేదు.

"తాలు కళ్లంలోనే పెట్టుకుంటామా? గాలికి మళ్ళీ గింజల్లోకి రాదూ?" అన్నాడు మా ఆయన.

బుట్ట కూడా బోర్లించేశాను.

సాయంత్రం సుజాత వచ్చింది. మిషన్ ముందు కూర్చుంది. కాసేపటికి ఆమె ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది.

"అత్తా, ఏం చేసినావు?"

"తాలు తీసినానమ్మా."

"నా ప్రాజెక్టు ఏదీ?"

"తేలిగ్గా ఉండినాయే, అయిదు..."

"రాత ఎక్కడన్నా బరువుంటుందా అత్తా!"

ఆ మాటకు మా ఆయన చెప్పులేసుకుని, ఎవరూ పిలవకుండానే పొలం వెళ్ళిపోయాడు. నేను వెళ్ళడానికి లేదు. సుజాత ఏడవలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. గంటసేపు ఫోల్డర్లన్నీ గాలించి, చివరికి టెంప్‌లో ఆగింది. రాసేటప్పుడు మిషన్ తనకోసం అక్కడ నకళ్ళు దాచుకుంటుందట. నాలుగు అధ్యాయాలు దొరికాయి. తీసేయమన్నవి నేను తీయకపోవడం వల్లే దొరికాయి. ఈ సంగతి నేను ఎత్తి చూపబోతే సుజాత ఒక్క చూపు చూసింది.

"అయిదోది లేదు," అంది.

"అదేముందిలేమ్మా, ఒక్కటే గదా."

"అది దేని గురించో తెలుసా? చదువొచ్చిన ఆడమనిషి వల్ల ఇంటికి జరిగిన మేలు. అందులో ఉండేదంతా నువ్వే అత్తా."



ఆదివారమంతా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మళ్ళీ మొదటినుంచి ప్రశ్నలడిగి రాసింది. సోమవారం ఇచ్చేసింది, ప్యాసయింది. కాగితాలు తిరిగొచ్చాక అయిదో అధ్యాయం తెరిచి చూశాను. పేరు మారింది: "ఇంటికి జరిగిన మేలు, కీడు." కీడు కిందున్న భాగం రెండు పేజీలు ఎక్కువ.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వేరేచోట నకలు పెట్టనిదే ఏ ఫైలునూ ముట్టను. టెంప్ గడప దాటి పక్కకు తొంగిచూడను. పేరు చదవకుండా దేన్నీ తీయను. వారం ఆగనిదే బుట్ట బోర్లించను. మంచం మీదినుంచి వచ్చే సలహా వినను.

ఈ ప్రమాణం నేనే, నా వేలితోనే టైపు చేశాను. సేవ్ చేసింది మాత్రం సుజాత.