మా గేటు దాటి వచ్చిన లొట్టి

ఆ రోజు అమెరికా వాళ్లు మా ఇంటి అరుగు మీద ఏమేం పాడారని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ సరిగా చెప్పలేను. ముందు వరసలోనే కూర్చున్నాను. విన్నది మాత్రం తక్కువ. నా కళ్లూ చెవులూ ఒక కల్లు లొట్టి మీదే, తాటిచెట్టుకు కట్టే ఒక మట్టికుండ మీదే ఉన్నాయి. అది పగలకూడదు. పగలకుండా దాన్ని గేటు బయట నిలబడ్డ ఒకామెకు నా చేత్తో తిరిగి ఇవ్వాలి. అట్లా మాటిచ్చి తెచ్చాను.

ములకలపల్లి వైపు అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా ఇంటిని ఊళ్లో గడి అంటారు, అంటే దొరల ఇల్లు. పైఅంతస్తు సగం కూలిపోయింది, కింద మిగిలిన గదుల్లో నేనూ నా భార్యా ఉంటున్నాం. పొలాలు మా నాన్న కాలంలోనే చాలావరకు పోయాయి. ఎట్లా పోయాయన్నది నేను ఎవరితోనూ మాట్లాడను. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటను. ఆ రెండు అలవాట్లూ నాకు మిగిలాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, ఒక ఫాల్గుణమాసంలో, మా ఊళ్లో రిటైరైన బడి సారు నా దగ్గరికి వచ్చాడు. కొత్తగూడెంలో ఆయన స్నేహితులు కొందరు అమెరికా నుంచి అయిదుగురు పాటగాళ్లను పిలిపించారట. అపలాచియన్ కొండలని అక్కడ బొగ్గు గనులున్న కొండలట, వీళ్లు అక్కడివాళ్లట. కొత్తగూడెంలో గని కార్మికుల ముందు పాడారు, ఇప్పుడు ఒక అడవి పల్లెలో, గూడెం జనం ముందు పాడాలని వాళ్ల కోరిక.

"బడిల పరీక్షలు నడుస్తున్నయి దొరబాబూ. మీ అరుగైతే స్టేజీ లెక్కనే ఉంటది" అన్నాడు సారు.

నేను వెంటనే ఒప్పుకున్నాను. మా వాకిట్లో నలుగురి కోసం కుర్చీలు వేసి ఇరవై ఏళ్లు దాటింది. నేనే స్వయంగా వెళ్లి పెద్దలను పిలిచాను. తల్లాడలో ఉండే రైస్ మిల్లు యజమానికి, మా పొలాల్లో కొంత ఇప్పుడు ఆయనదే, అమెరికా సంగీత విద్వాంసులు వస్తున్నారని చెప్పాను. విద్వాంసులన్న మాట నేను చేర్చిందే.

గూడెం జనం వస్తారా అని సారు అడిగితే "ఎందుకు రారు?" అన్నాను. వాళ్లు ఎందుకు రారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

వెనకటి రోజుల్లో మా ఊరి చివర ఉన్న గూడెం వాళ్లు మా గేటు ముందు నుంచి పోయేటప్పుడు డోలు ఆపాలి. నెత్తిమీది కుండలు చంకకు దించాలి. నాకు పదేళ్లప్పుడు ఒక పెళ్లి గుంపు డోలు ఆపకుండా, లొట్లు దించకుండా వచ్చింది. మా నాన్న కొట్టలేదు. కొట్టించాడు. నేను పై కిటికీలోంచి చూశాను. డోలు చర్మం చీల్చారు, లొట్లన్నీ గేటు ముందు రాళ్ల మీద పగలగొట్టారు. మట్టి తాగలేనంత కల్లు. పెళ్లికూతురు పెంకుల మధ్య నిలబడి ఉంది, కాళ్లకు పసుపుతో. ఆ తర్వాత గూడెం వాళ్లు మా గేటు ముందుకు రావడం మానేశారు. అటు పోవాలంటే వెనక కాలువ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతారు.

పాటగాళ్ల జీపు మధ్యాహ్నానికి వచ్చింది. నేను తంబూరా లాంటిదో వీణ లాంటిదో దిగుతుందనుకున్నాను. ఫిడేలు దిగింది, బాంజో దిగింది, ఒక గిటారు దిగింది. తర్వాత బట్టలు రుద్దే మడతల రేకు దిగింది. అది వాయించేదేనని సారు చెప్పాడు. చివరికి తెల్లగడ్డం ముసలాయన ఒక గుడ్డ మూట విప్పి చూపించాడు. మూటలో పింగాణీ కూజా ముక్కలు. దారి గతుకుల్లో పగిలిందట. ఆయన వాయించేది అదేనట. మూతి దగ్గర పెదవులు పెట్టి లోపలికి ఊదితే మోగుతుందట. అది లేకపోతే పాటకు అడుగు లేదని సారు తర్జుమా చేశాడు.

నా భార్య ఆవకాయ జాడీ తెచ్చి ఇచ్చింది. వెడల్పు మూతి, పలకలేదు. ప్లాస్టిక్ బిందె పలకలేదు. ఇత్తడి బిందెలు ఇంట్లో లేవు. ముసలాయన కాసేపు వాకిట్లో నిలబడి, గోడ అవతల తాటిచెట్టుకు వేలాడుతున్న లొట్టిని వేలుపెట్టి చూపించాడు. సన్న మూతి, పెద్ద కడుపు. మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఆ లొట్లు గూడెం వాళ్లవి. సారు అడగడానికి గూడేనికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "ఎవరింట్ల ఆటనో ఆయన్నే రమ్మన్నరు" అన్నాడు, నా మొహం చూడకుండా.

నేను వెళ్లాను. గూడెంలో నేను అడుగుపెట్టి నలభై ఏళ్లు దాటింది. మొదటి ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు ఇప్పపూలు ఆరబెడుతున్నారు. వాళ్లలో పెద్దామెను చూడగానే గుర్తుపట్టాను. ఆ పెళ్లికూతురు.

"ఏంది దొరా, తొవ్వ తప్పినవా?" అంది.

"లొట్టి ఒకటి కావాలె. పొద్దుగూకేలోపు తిరిగిస్త."

"తాగనీకా?" మిగతా వాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఊదడానికి."

"పొయ్యి ఊదుతరు గాని లొట్టి ఊదుడేంది?" అని ఒకామె పకపకా నవ్వింది. పెద్దామె నవ్వలేదు.

"మీ గేటు కాడికి లొట్టి పోతే ఏమైతదో నాకు ఎరుకే" అంది.

"పగలదు. నాది మాట."

"మాట ఎందుకు దొరా. నేను గూడ వస్త. లోపలికి రాను, గేటు బయటనే ఉంట. పని అయినంక నీ చేత్తోనే తెచ్చియ్యి. పనోళ్ల చేత పంపకు."

పనివాళ్లు లేరని నేను చెప్పలేదు. ఆమె గుడిసె చూరు నుంచి ఒక లొట్టి దించి, నీళ్లు పోసి కడిగి, నా చేతికిచ్చింది. దాన్ని ఎట్లా పట్టుకోవాలో నాకు తెలియలేదు. చంకలో పెట్టుకుంటే చొక్కా తడుస్తుంది. చేతులు చాచి ముందుకు పట్టుకుని నడిచాను. పది అడుగుల వెనక ఆమె, ఆమె వెనక ఒక్కొక్కరే గూడెం జనం.

నాలుగింటికి పాట మొదలైంది. వాకిట్లో కుర్చీల్లో పెద్దలు. గేటు బయట గూడెం జనం, యాభై మంది దాకా. గేటు బార్లా తెరిచే ఉంది. ఒక్కరు కూడా దాటలేదు. గేటుకు సరిగ్గా అడుగు అవతల ఆమె.

ఫిడేలూ బాంజో బాగానే మొదలుపెట్టాయి. పాటగాళ్లలో ఒకామె వేళ్లకు ఇనప తొడుగులు పెట్టుకుని మడతల రేకు గీకడం మొదలుపెట్టగానే మిల్లు యజమాని నా వైపు వంగాడు.

"ఏవండీ, వీళ్లు నిజంగా అమెరికా వాళ్లేనంటారా? అమెరికా అంటే పియానో అదీ ఉంటుందనుకున్నానండీ నేను. ఇదేంటండీ, చాకిరేవులో రేకు?"

అప్పుడే ముసలాయన లొట్టి ఎత్తాడు. పెదవులు బిగించి ఊదాడు. బూఁ, బూఁ, బూఁ అని అడుగు నుంచి, నేల లోపలి నుంచి వచ్చినట్టు మోత.

గేటు బయట ఎవడో గట్టిగా అన్నాడు. "ఏందిరో, లొట్టిల బర్రె దూరిందా?"

గోడ పొడుగునా నవ్వులు. కుర్చీల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. మిల్లు యజమాని జేబురుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. "కల్లు కుండండీ. పైగా ఎంగిలి చేసి ఊదుతున్నాడు." ఆయన నెమ్మదిగానే అన్నాడు గాని నా చెవులు మండాయి. విద్వాంసులని పిలిచింది నేను.

తర్వాత పాట నెమ్మదిగా సాగింది. గని కూలిపోయి లోపలే ఉండిపోయిన అన్న కోసం చెల్లెలు పాడుతున్న పాటని సారు మైకులో చెప్పాడు. రేకు ఆమే పాడింది, కళ్లు మూసుకుని. కొత్తగూడెం నుంచి సారుతో వచ్చిన ఒక పాత గని కార్మికుడు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట అయ్యేదాకా దాన్ని మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. గేటు బయట నవ్వులు ఆగిపోయాయి. ఒకామె చంకలో బిడ్డ ఏడవబోతే నోరు మూసింది. భాష ఒక్కరికీ తెలియదు. అందరూ విన్నారు. నేను తప్ప.

ముసలాయన ఆ పాటలో లొట్టిని అరుగు అంచున పెట్టాడు. అంచున! కాలు తగిలితే కింద రాతి మెట్లు. పాట మధ్యలో లేవడం మర్యాద కాదు. లేవకుండా ఎట్లా? కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. గేటు వైపు చూస్తే ఆమె కూడా పాడే మనిషిని చూడడం లేదు, లొట్టినే చూస్తోంది. ఆ వాకిట్లో మేమిద్దరమే ఒకే చోట చూస్తున్నాం.

నెమ్మది పాట అయిపోయి ఉరుకుల పాట అందుకున్నారు. ముసలాయన లొట్టి తీసుకుని లేచాడు. ఊదుతూ బూట్లతో గచ్చు మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. గేటు బయట ఈలలు. ఆ ఈలలు ఆయనకు ఎక్కాయి. లొట్టిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి విసిరాడు, పట్టుకున్నాడు, ఊదాడు. మళ్లీ విసిరాడు. ఈసారి ఇంకాస్త ఎత్తుకు.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. మెట్లెక్కాను. మూడోసారి విసరబోతున్న ఆయన చేతుల్లోంచి లొట్టి గుంజుకున్నాను.

బాంజో ఆగింది. రేకు ఆగింది. ఫిడేలు మాత్రం రెండు క్షణాలు ఒంటరిగా వాయించి ఆగిపోయింది. మా తాత నిలబడి తీర్పులు చెప్పిన అరుగు మీద, ఊరందరి ముందు, నేను కల్లు లొట్టిని గుండెకు కరుచుకుని నిలబడ్డాను. లోపలి పులిసిన వాసన మొహానికి కొట్టింది. చొక్కా తడిసింది. ముసలాయన భయపడ్డట్టు రెండు చేతులూ పైకెత్తాడు, ఏం తప్పు చేశానన్నట్టు సారు వైపు చూశాడు. మిల్లు యజమాని మొహంలోకి నేను చూడలేదు. చూడనక్కర్లేదు.

గేటు దగ్గర నవ్వు వినిపించింది. ఒక్క గొంతు. ఆమెది.

"ఏంది దొరా! గా తాత చేతుల మంచిగనే ఉండె గద. నువ్వెందుకు గుంజుకుంటివి?"

"పగులుతది" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది.

"పగలగొట్టేటోని చేతులెట్లుంటయో నాకెరుక లేదా? ఆయన చేతులు గట్ల లేవు. ఆగు, వస్తున్న."

వచ్చింది. గేటు దాటి, వాకిలి దాటి, కుర్చీల మధ్య నుంచి నేరుగా నడిచి వచ్చింది. మిల్లు యజమాని కాళ్లు ముడుచుకున్నాడు. ఆమె మెట్లెక్కి నా చేతుల్లోంచి లొట్టి తీసుకుంది. వేలి కణుపుతో చుట్టూ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. బీట పడితే ఆ చప్పుడు వేరుగా ఉంటుందట. ఖంగుమంది. ముసలాయన చేతుల్లో పెట్టింది.

"ఊదు తాతా. ఎవ్వలేమనరు." తర్వాత నా వైపు తిరిగి, "నేను ఈడనే కూసుంట. లేకుంటే మళ్ల గుంజుకుంటవు నువ్వు" అని మెట్టు మీద కూర్చుంది.

గూడెం జనం నవ్వుతూనే లోపలికి రావడం మొదలుపెట్టారు, నన్ను దగ్గరగా చూడడానికో ఆయన్ను చూడడానికో. కుర్చీల వెనక వాకిలి నిండింది. ఎవరో ఒకతను పాటకు తన పక్కనున్న ఖాళీ కుర్చీ వీపు మీద వేళ్లతో దరువేశాడు, బాంజో వాయించేవాడు అది విని తల ఊపి పాటను ఆ దరువు మీదికి తిప్పాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల పాదాలు కదిలాయి. "ఇప్పుడు కాస్త పాటలా ఉందండీ" అన్నాడు మిల్లు యజమాని. నన్ను ఓదార్చడానికి అన్నాడేమో. ఆ ఓదార్పు నాకు అక్కర్లేకపోయింది. నేను ఇంకా లొట్టినే చూస్తున్నాను.

పాట అయ్యాక ముసలాయన దాన్ని ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె చేతులు కట్టుకుని నన్ను చూపించింది. మాట మాటే. నేను తీసుకుని, అక్కడే, అందరి ముందూ ఆమెకు అందించాను. ఒక మాట అనాలని ఉంది. ఆ పెళ్లి రోజు గురించి. మూడు పదాలైనా చాలు. నోటిదాకా వచ్చింది, నా వీపు ఎప్పటిలా నిటారుగా బిగుసుకుపోయి ఉంది, మాట అక్కడే ఆగింది.

ఆమె లొట్టిని మళ్లీ కణుపుతో కొట్టి విన్నది.

"ఒకటి ముట్టింది" అంది. "కడమ లొట్లు ఎన్నడిస్తవు దొరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వుతున్నట్టే ఉంది. అది పరాచికమో కాదో నేను పోల్చుకునేలోపే జనంలో కలిసిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గూడెం వాళ్లు ఎప్పటిలాగే వెనక కాలువ గట్టు మీదుగా పోతున్నారు. నిన్న లోపలికి వచ్చినవాళ్లు కూడా. తెరిచిన గేటు వైపు ఎవరూ చూడలేదు.

ఎండెక్కుతుండగా ఆమె ఒక్కతే ముందు బాట మీద వచ్చింది. నెత్తిమీద లొట్టి. మా గేటు ముందుకు వచ్చాక నడక తగ్గలేదు, లొట్టి చంకకు దిగలేదు. ఆమె లోపలికి చూడలేదు.

నేను కుర్చీలోంచి లేచాను. ఆమె మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాను.