యెరూషలేం గోడకి మొక్కిన జుట్టు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పట్టాళం నుంచి వచ్చేసిన సింహాచలం అనకాపల్లి బెల్లం మార్కెట్లో మళ్లీ కళాసీగా చేరాడు. దిమ్మలు మోసింది తక్కువ, కబుర్లు చెప్పింది ఎక్కువ. యెరూషలేం పట్టణంలో ఒక్క రోజంటే ఒక్క రోజు తిరిగొచ్చాడు మహానుభావుడు. సెలవు రోజున సిపాయిలను లారీ ఎక్కించి, యూదుల పుణ్యస్థలాలు చూపించమని ఓ ముసలి గైడును తోడిచ్చారు. దావీదు రాజు సమాధి, రాహేలమ్మ సమాధి, చివరికి ఎప్పుడో కూలిపోయిన గుడి తాలూకు పాతగోడ. ఆ ఒక్క రోజునీ ఏడాదంత పొడుగు సాగదీశాడు.

"తల మీద గుడ్డేసుకుని ఎల్లాలి మామా. రాళ్ల సందుల్లో కాయితాలు దోపి కోరికలు సెప్పుకుంటారు. నాకు రాత రాదు కదా, గోడకి నుదురు ఆనించి, బతికి ఊరెల్తే మళ్లీ వచ్చి నా తలనీలాలు నీకే ఇత్తానని మొక్కేను. యుద్ధంలో పక్కనోళ్లు పడిపోయేరు, నాకు గీత పడలేదు!"

వినేవాళ్లు నోరు వెళ్లబెట్టి, టీ ఇప్పించి, బీడీ అందించేవారు. మళ్లీ వెళ్లేది లేదు, అడిగేవాడు లేడని అతని ధీమా.

ఎండలు ముదిరాక, పట్టాళం నాడు ముచ్చటపడి పెట్టించుకున్న క్రాపు చెవులు దాటింది. మంగలి పోతన్న కత్తెర కింద పెట్టేశాడు.

"అది గోడకి సెందిన జుట్టు బావా. నేను ముట్టుకోను. నా సేతులు పడిపోతే పిల్లలకి కూడెవరు పెడతారు?"

"అయితే నూకాలమ్మకి ఇచ్చేత్తాను."

"ఒక దేవుడికి మొక్కినది ఇంకొకరికా?"

ఊళ్లో మరే మంగలీ దగ్గరికి రానివ్వలేదు. జుట్టు మెడ మీదికి దిగింది. తలలో పేలు పడ్డాయి. మార్కెట్లో ఎవడు ఎదురైనా, "యెరూషలేం రైలు ఎన్నింటికి బావా?" అని అడగడమే. తెచ్చుకున్న పరువు తలమీదే కుళ్లిపోతోందని ఏడుపొచ్చింది.

చివరికి పెళ్లాం అప్పలనర్సమ్మ ముందు నిజం కక్కేశాడు. "నేను మొక్కనేదే. ఎండకి తాళలేక లారీ కింద నిద్రపోయేను. మొక్కింది నా జతగాడు, మాడుగుల భీమన్న. సాయంత్రం ఆడు సెప్పిందే నాదని సెప్పుకున్నాను."

"మొక్కు ఎగ్గొట్టడానికి ఎంతకైనా తెగిత్తావు!" అని ఆమె అతని తల రెండు చేతులా పట్టుకుంది. ఆమె కళ్లనిండా నిజమైన భయమే. "మొక్కకపోతే నువ్వెలా బతికొచ్చేవు మావా?"

భీమన్న ఇటలీలో వాగు దాటుతూ తూటా తగిలి పోయాడు. మొక్కినవాడు పోయి, లారీ కింద గుర్రుపెట్టినవాడు తిరిగొచ్చాడని చెబితే తప్ప ఆ జుట్టు దిగదు. అంత మాట ఆమెతో అనడానికి సింహాచలానికి నోరు రాలేదు.