కన్ను ఎర్ర సైకిలు మీద, మాట నల్లదాని మీద

నచ్చిన సరుకును ముందు తిట్టాలి. నచ్చని దాన్ని పొగడాలి. అమ్మేవాడు నీ ముఖంలో ఇష్టం చూశాడంటే ఆ రోజుకు నీ బేరం ముగిసినట్టే. అమీర్‌పేటలో కిరాణా దుకాణం నడిపిన మా నాయన అక్షరాల కంటే ముందు నాకు నేర్పిన విద్య ఇది. ఆయన కందులు కొనడానికి పోతే మంచి కందుల గోనె ముందు ముక్కు మూసుకునేవాడు. పుచ్చు పట్టిన గోనెలో చెయ్యి పెట్టి "ఆహా, ఇవీ కందులంటే" అనేవాడు. ఇంట్లోనూ అంతే. అమ్మ చేసిన పచ్చిపులుసు బాగా కుదిరిన రోజున "ఇంత పులుపు ఎవరు తింటరే" అంటూ మూడోసారి పోయించుకునేవాడు. ఆ ఇంట్లో పెరిగిన నేను మంచి వాన పడినా ఆకాశం వైపు చూసి మొహం చిట్లించేవాణ్ణి, సంతోషం చూపిస్తే వానకు ఎక్కడ ధర పెరుగుతుందోనని.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాకు నాంపల్లిలో ఒక మందుల గోదాములో గుమాస్తా పని దొరికింది. మా వంశంలో కుర్చీలో కూర్చొని జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. అమీర్‌పేట అప్పటికి ఇంకా ఊరే. పెట్రోలు కరువు వల్ల బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పంజగుట్ట ఎక్కి దిగి, ఖైరతాబాద్ మీదుగా నడిచిపోతే గంటన్నర. గోదాములో తొమ్మిదికి జవాను గంట కొట్టి గేటు మూసేవాడు. మూసిన గేటు బయట నేను అప్పటికే రెండుసార్లు నిలబడ్డాను. రెండోసారి దారోగా, అంటే మా గోదాము మీద అధికారి, గేటు ఊచల అవతలి నుంచి ఎంతో మర్యాదగా చెప్పాడు.

"మియా, మూడోసారి ఇట్లయితే లోపలికి రావద్దు. ఇక్కడి నుంచే సలాం చేసి ఇంటికి పోండ్రి."

"నౌకరి పోతే పాయె, దుకాణం లేదా బిడ్డా?" అని అమ్మ ధైర్యం చెప్పింది. నా భయమంతా ఆ దుకాణమే. ఆరు నెలలు ఊరంతటికీ ఇస్త్రీ చొక్కా చూపించి, మళ్లీ పోయి బెల్లం గోనె పక్కన కూర్చుంటే వచ్చిన ప్రతివాడూ బెల్లం కంటే ముందు నన్నే తూచి చూస్తాడు.

సైకిలు కావాలి. యుద్ధం మూలంగా విలాయత్ నుంచి కొత్తవి రావడం లేదు. పాతవే దిక్కు. పంజగుట్ట ఎత్తు మొదలయ్యే చోట రేకుల కొట్టంలో ఒక సైకిలు మేస్త్రీ ఉండేవాడు. తాతల నాటి సేద్యం వదిలి పట్నం చేరిన కుటుంబం వాళ్లది, చర్చికి పోయే మనుషులు. ఆదివారం నాడు ఎవరి టైరు పగిలినా ఆయన కొట్టం తెరిచేవాడు కాదు. మిగతా ఆరు రోజులూ ఆయన పని చేస్తుంటే చూడటానికి ఊరికే నిలబడేవాళ్లు ఉండేవారు. చక్రాన్ని బోర్లించిన ఫ్రేముకు బిగించి, ఊచలను గోరుతో ఒక్కొక్కటే మీటుతూ, చెవి దగ్గర పెట్టి వినేవాడు. వదులుగా ఉన్న ఊచ దగ్గరికి రాగానే కనుబొమ్మ ముడుచుకునేది. ఆ ముడి విడిపోయేదాకా పానా తిప్పేవాడు. కంటితో చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఇక ధర విషయంలో ఆయనది ఒకటే మాట అని చెప్పుకునేవారు. ఒకటే మాట ఉన్నవాళ్లను నేను చాలామందినే చూశాను. సరిగ్గా అడిగితే వాళ్ల దగ్గర రెండో మాట కూడా ఉంటుంది.

అందుకని గోదాముకు సెలవైన శుక్రవారం నాడు బోణీ వేళకే పోయాను. పొద్దున మొదట వచ్చిన బేరాన్ని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా కొట్టు బాగుపడదని దుకాణదారుల నమ్మకం. కాబట్టి బోణీ బేరానికి ధర దిగుతుంది. బేరమాడే వాడికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. అయితే ఈ నమ్మకానికి ఇంకో వైపు ఉంది. బోణీ వేళ వచ్చి, సరుకంతా కెలికి, కొనకుండా పోయిన మనిషి పేరు మా ఇంట్లో రాత్రి అన్నాల దాకా తిట్లలో నలిగేది. ఆ వైపు సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు.

కొట్టంలో అమ్మకానికి రెండు సైకిళ్లున్నాయి. ఒకటి ఎర్రది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, ఒంటి చేత్తో ఎత్తగలిగేంత తేలిక. ఎవరో నవాబు కొడుకు పందేలకు తెప్పించుకొని, విసుగు పుట్టి వదిలేశాడట. రెండోది నల్లది. గొలుసు మొత్తానికి రేకు తొడుగు, బ్రేకులకు ఇనుప కడ్డీలు, లావు టైర్లు, వెనక బియ్యం మూట పట్టేంత క్యారియరు, సీటు కింద రెండు పెద్ద స్ప్రింగులు. దాని మీద కూర్చుంటే ఎంతటి గుమాస్తా అయినా పాలు పోయడానికి పోతున్నట్టే కనిపిస్తాడు.

కన్ను ఎర్రదాని మీద పడింది. పడిన మరుక్షణమే ముఖం నల్లదాని వైపు తిప్పాను.

"వాహ్, గిది బండంటే!" అని దాని సీటు తట్టాను. "గట్టిది. గొలుసుకు కప్పు సుత ఉన్నది, బురద అంటదు. గా ఎర్రది ఎవరు కొంటరు మేస్త్రీ? ఆటబొమ్మ."

మేస్త్రీ చేతిలో చక్రం మీంచి తల ఎత్తలేదు. "ఏం తక్కువైంది సేటు దానికి?"

దొరికాడనుకున్నాను. నిజానికి సైకిలు తొక్కడం తప్ప సైకిళ్ల గురించి నాకేమీ తెలియదు. నోటికి వచ్చింది వచ్చినట్టు అల్లుకుంటూ పోయాను.

"ఏం తక్కువనా? టైర్లు చూడు, పొట్లకాయ లెక్క. బోరబండ దిక్కు నుంచి రాళ్ల బండ్లు దిగి దిగి మన తొవ్వంత చక్రాల గాడులు పడ్డయి. గా గాడిల చక్రం ఇరికిందంటే మనిషి ఆడ, బండి ఈడ. ఇగ హ్యాండిలు! నేల చూసుకుంట తొక్కాలె. ఎదురుంగ బర్రె వస్తే బర్రెనే తప్పుకోవాలె. మడ్‌గార్డు లేదు, వానకాలం బురదంత ఈపు మీదనే. అన్నం డబ్బా పెట్టుకునేతందుకు జాగ లేదు. నాకైతే ఊరికే ఇచ్చినా వద్దు. పాపం, నీ దగ్గర పడున్నదని అడుగుతున్న. ఎంతకిస్తవ్?"

మేస్త్రీ లేచి చేతులు తుడుచుకున్నాడు. ఎర్రదాన్ని బాట మీదికి నడిపించుకు పోయి, రాళ్ల బండి చేసిన గాడిలో ముందు చక్రం పెట్టాడు. గల్లాపెట్టె చీలికలో రూపాయి దిగినట్టు దిగిపోయింది. పక్కకు తిప్పబోతే రిమ్ము కిర్రుమంది. తర్వాత సీటెక్కి వంగి, తల ఎత్తి బాట చూడటానికి ప్రయత్నించి, మెడ రుద్దుకుంటూ దిగాడు.

"సేటు, నువ్వు గీ పనిల ఉండాల్సినోనివి," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే మెచ్చుకుంటున్నాడు. "మూడు నెలల సంది గిది నా దగ్గరనే ఉన్నది. గాడి సంగతి నాకే తోచలే. నువ్వు ఏడికి పోతవ్ రోజు?"

"నాంపల్లికి. తొమ్మిదికి గేటు మూస్తరు. ఇంకొక్కసారి ఆలస్యమైతే నౌకరి పోతది."

అవసరం బయట పెట్టినవాడు బేరగాడు కాడు. ఆ మాట నోరు జారినందుకు నాలుక కరుచుకున్నాను. అప్పటికే మేస్త్రీ ఎర్రదాన్ని గోడ కొక్కేనికి తగిలిస్తున్నాడు.

"ఇగ గిది గీ తొవ్వ మనిషికి అమ్మను. నీకైతే అసలే అమ్మను."

"అట్లెట్ల మేస్త్రీ? ధర జర తగ్గిస్తే..."

"ధర తగ్గిస్తే గాడి పూడుతదా?"

ఆ గాడిని తవ్వింది నేనే.

"నల్లది తీస్కో. గట్టిదని నువ్వే అంటివి. చెప్పిన ధరే, ఒకటే మాట."

"మళ్ల వస్త," అని ఒక అడుగు వెనక్కి వేశాను.

"మంచిది. బోణీకి వచ్చినవ్ గదా, పోతె పో. నాకు గా పట్టింపు లేదు," అని మళ్లీ చక్రం ముందు కూర్చొని, "నీకు ఉంటదేమోనని అన్న," అన్నాడు.

కొనకుండా పోయినవాళ్లకు మా ఇంట్లో రాత్రి దాకా పడే తిట్లు అప్పుడు గుర్తొచ్చాయి. జీవితంలో మొదటిసారి అడిగిన ధర ఇచ్చి, నల్ల సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను.

నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. బేరం ఎట్లా జరిగిందో దాచకుండా చెప్పాను. అంతా విని, "బండికి కాదురా, నీ నోటికి ధర కట్టిండు వాడు," అన్నాడు. తర్వాత సీటు మీద చెయ్యి వేసి, "చాల మంచి బండి," అన్నాడు. మా ఇంటి లెక్కలో అంతకు మించిన తిట్టు లేదు.

వారం రోజులు ఆ బరువును శపిస్తూ తొక్కాను. పంజగుట్ట ఎత్తు దగ్గర దిగి నెట్టాల్సి వచ్చేది. మేస్త్రీ కొట్టం ముందు నుంచే నెట్టాలి. ఆయన చూసి చెయ్యెత్తేవాడు. నేను పళ్లు బిగించి నవ్వేవాణ్ణి. కొక్కేనికి వేలాడుతున్న ఎర్రదాని వైపు చూడకూడదనుకుంటూనే చూసేవాణ్ణి. టైముకే చేరుతున్నానన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తర్వాత వాన పడింది. రాత్రంతా కురిసి తెల్లవారుజామున ఆగింది. నేను బయల్దేరేసరికి బాట మీద గాడులన్నీ ఎర్రనీళ్లతో నిండి, ఎంత లోతో తెలియకుండా ఉన్నాయి. పంజగుట్ట దిగువన ఒక రాళ్ల బండి అడ్డం తిరిగి కూరుకుపోయింది. ఎద్దులు కదలడం లేదు. మనుషులు చుట్టూ నిలబడి తలా ఒక సలహా ఇస్తున్నారు. బాట పక్కన బురదలోంచి పోవడం తప్ప దారి లేదు. గేటు గుర్తొచ్చింది, గేటు ఊచల వెనక దారోగా మర్యాద గుర్తొచ్చింది. కళ్లు చిట్లించి తొక్కాను.

నల్ల సైకిలు బర్రెలాగే పోయింది. గాడి వస్తే దిగింది, దిగినదల్లా ఎక్కింది. లావు టైర్లు బురదను నొక్కుకుంటూ సాగాయి. ఇసుక, రాతిపొడి అన్నీ గొలుసు తొడుగు మీదే ఆగిపోయాయి. తడిసిన బ్రేకులు సగమే పట్టాయి, అది నిజం. దిగుడులో రెండు కాళ్లూ నేలకు ఆనించి, చెప్పుల అడుగు సగం అరగదీసుకున్నాను. ఖైరతాబాద్ దాటాక ఊపిరి తీసుకున్నాను. నాంపల్లి చేరేసరికి జవాను గంట దగ్గర నిలబడి చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి దిగేలోపు ముందు చక్రం గేటు లోపల ఉంది.

దారోగా గడియారం చూశాడు. మోకాళ్ల కింద బురద తప్ప మచ్చలేని నా చొక్కా చూశాడు.

"మీ అమీర్‌పేటల వాన పడలేదా మియా?" అన్నాడు.

ఆ సాయంత్రం పంజగుట్ట దగ్గర ఆగాను. మేస్త్రీ ఊచలు మీటుతున్నాడు. చెప్పాల్సిన మాట చెప్పకుండా ముందు చక్రానికి అంటిన బురద గీకుతూ నిలబడ్డాను. చిన్ననాటి నుంచి వచ్చిన అలవాటు, అంత తేలిగ్గా వదులుతుందా?

"మేస్త్రీ, బండి మంచిగున్నది."

ఆయన వినడం ఆపి తల ఎత్తాడు. "ముందుగాల గట్ల చెప్తే ఇంకో రెండు రూపాలు ఎక్కువ అడుగుదును గదా సేటు."

నవ్వాను. ఆ నవ్వులోనే మిగతాది కూడా బయటపడింది. "నీకు అబద్ధం చెప్పిన. నాకు ఎర్రది కావాలె ఆనాడు. గా మాటలన్నీ ధర కోసం అల్లినయే."

"ఎరుకే."

"ఎరుకా?"

"నీ కండ్లు దాని మీదికెల్లి లేస్తలేవు. నోరు మాత్రం నిజం చెప్తున్నది. నీకు తెల్వకుంటనే చెప్తున్నది. నేను నోటినే నమ్మిన."

నలభై రకాల మోసాలు తెలిసిన మార్కెట్లలో తిరిగాను. అబద్ధంలోంచి నిజాన్ని, చక్రంలోంచి వదులు ఊచను తీసినట్టు, మీటి పట్టుకునే మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఇంటికి పోతే నాయన బురద గడ్డకట్టిన సైకిలు చుట్టూ మళ్లీ ఒకసారి తిరిగాడు. "ఏం బండిరా ఇది, బర్రె లెక్క. ఇనుప తుక్కు," అని ముక్కు మూసుకున్నాడు. నాకు కళ్లు తడిసినంత పనైంది.

కొన్నాళ్లకు మేస్త్రీ ఎర్రదాన్ని విప్పి, ఏ భాగానికా భాగం అవసరమైన వాళ్ల బండ్లకు వేసేశాడు. నేను పోయేసరికి గోడ మీద కొక్కెం ఒక్కటే ఉంది. ఆయన నన్ను ఆపి, దాని బెల్లు తీసుకొచ్చి నల్లదాని హ్యాండిలుకు బిగించాడు. గుండ్రటి, తళతళలాడే గంట. బొటనవేలితో నొక్కి, చెవి వంచి, రెండుసార్లు విన్నాడు.

"గింతయినా ఉండనియ్. మనసు పడ్డవ్ గదా."

"ఎంత?" అనబోయి, పెదవులు మూసుకున్నాను. సైకిలు నడిపించుకుంటూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా, ఆ బెల్లు కొడుతూ ఇంటికి పోయాను.